ఛాతీ కవచానికి వేసిన రంగు మూడు రోజులైనా ఆరడం లేదు, దయచేసి సాయం చేయండి

కొత్తకవచం:
రాత్రి పదకొండు నుంచి తెల్లవారే దాకా దీని ముందే కూర్చున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. ప్రదర్శనలో తొడుక్కోవడానికి నాలుగు నెలలుగా ఫోమ్‌తో ప్లేట్ మెయిల్ కవచం ఒకటి చేస్తున్నాను. పిక్కల తొడుగులు, ముంజేతి తొడుగులు, భుజాలు అన్నీ ముచ్చటగా వచ్చాయి. మిగిలింది ఛాతీ భాగం ఒక్కటే. ఫోమ్ కోసి, అతికించి, నల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేసి, దాని మీద వెండి రంగు స్ప్రే కొట్టాను. మూడు రోజులైంది. వేలు ఆనిస్తే వేలిముద్ర గీతలతో సహా పడుతోంది. గుడ్డ కప్పితే గుడ్డ నూగంతా అంటుకుంది. ఫ్యాను కింద పెట్టాను, ఎండలో పెట్టాను, హెయిర్ డ్రయ్యర్ పట్టాను. మిగతా భాగాలకు వాడింది కూడా ఈ డబ్బానే, అవి గంటలో ఆరిపోయాయి. డబ్బా పాడైపోయిందంటారా? ప్రదర్శనకు ఇంకా పది రోజులే ఉంది.

పనిబల్ల:
ఏ ఫోమ్? ఏ రకం రంగు? ఎన్ని పూతలు? ఇవి చెప్పకపోతే ఎవరూ ఏమీ చెప్పలేరు.

కొత్తకవచం:
ఫోమ్ అంటే ఫోమే కదండీ, అందరూ వాడేదే. రంగు మామూలు ఎనామిల్ స్ప్రే. రెండు పూతలు వేశాను.

ఉక్కురేకు:
ముందు ఒక మాట సరిచేసుకుందాం. ‘ప్లేట్ మెయిల్’ అనేది లేదు. మెయిల్ అంటే చిన్న చిన్న ఇనుప వలయాలను ఒకదానిలో ఒకటి గుచ్చి అల్లిన గొలుసు కవచం. ప్లేటు అంటే రేకు. రెండూ కలిపి తొడిగిన కాలం ఉంది కానీ, ఆ రెండూ ఒకటి కావు. మీరు చేస్తున్నది యూరప్‌లో 15వ శతాబ్దంలో పూర్తి రూపానికి వచ్చిన రేకు కవచం. తల నుంచి కాలి దాకా తొడిగితే దాదాపు 15 నుంచి 25 కిలోలు ఉండేది. ఆ బరువు ఒంటి మీద పరుచుకునేది కాబట్టి దాన్ని తొడిగినవాడు గుర్రం ఎక్కగలడు, కింద పడితే లేవగలడు. ఇంకో సంగతి, వెండి రంగు ఎందుకు? ఉక్కును మెల్లగా వేడి చేస్తే 220 డిగ్రీల దగ్గర గడ్డి పసుపు ఛాయ వస్తుంది, 300 దగ్గర నెమలి కంఠం లాంటి నీలం వస్తుంది. ఆనాటి పనివాళ్లు కావాలనే ఆ నీలం తెప్పించేవారు. నల్లటి నున్నని పూత మీద గ్రాఫైట్ పొడిని గుడ్డతో రుద్ది చూడండి, అసలైన ఉక్కు ఛాయ దిగుతుంది. డబ్బాలో వచ్చే వెండి రంగు గిన్నెలకు సరిపోతుంది.

రంగులపెట్టె:
పాపం ఆయన రంగు ఆరడం లేదంటే మీరు చరిత్ర చెబుతున్నారు. కొత్తకవచం గారూ, రెండో పూత మందంగా పడి ఉంటుంది. పైపొర గట్టిపడితే లోపలి ద్రావకం బయటికి రాలేదు. గాలి తగిలే చోట ఇంకో నాలుగు రోజులు వదిలేయండి.

ఉక్కురేకు:
మాట తప్పుగా వాడితే పనీ తప్పుగా జరుగుతుంది. ‘ప్లేట్ మెయిల్’ అని వెతికితే ఆయనకు దొరికేవన్నీ తప్పుడు నమూనాలే.

రంగులపెట్టె:
అందరికీ అర్థమైన మాటను పట్టుకుని లాగడం దేనికి?

అంచుపట్టీ:
ఆ వాదన కాసేపు పక్కన పెడదాం. డబ్బా అదే, చెయ్యి అదే, మిగతా ముక్కలు గంటలో ఆరిపోయాయి. అంటే తేడా రంగులో లేదు, రంగు కింద ఉంది. ఛాతీకి వాడిన ఫోమ్, భుజాలకు వాడిన ఫోమ్ ఒకే షీటులోవేనా?

కొత్తకవచం:
కాదండీ. పది మిల్లీమీటర్ల షీటు అయిపోయింది. ఇంట్లో పాత యోగా చాప ఉంటే దాన్నే కోశాను. మందం దాదాపు అంతే, వంగడం కూడా అలాగే వంగింది. అందుకే చెప్పలేదు.

పనిబల్ల:
ఇది మొదటే చెప్పాల్సింది.

అంచుపట్టీ:
దొరికింది. యోగా చాపల్లో చాలా వాటికి పీవీసీయే ముడిసరుకు. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్. దాన్ని మెత్తబరచడానికి నూనె లాంటి ద్రవం కలుపుతారు, ప్లాస్టిసైజర్ అంటారు. అది లోపల ఊరికే ఉండదు, పైకి ఊరుతూ రంగు పొరలోకి చేరి దాన్ని గట్టిపడనివ్వదు. ఎనామిల్ రంగుల మీద దీని ప్రభావం మరీ ఎక్కువ. మూడు రోజులు కాదు, మూడు నెలలు ఆగినా జిగురుగానే ఉంటుంది. మీ భుజాలు చేసినది ఈవీఏ అనే వేరే ప్లాస్టిక్ ఫోమ్. అందులో ఇలాంటి నూనె కలపాల్సిన అవసరం ఉండదు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. చాపను వంచడానికి హీట్ గన్ (బాగా వేడి గాలి కొట్టే పరికరం) వాడారా? వాడితే ఇకపై వద్దు. పీవీసీ బాగా కాగితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, గొంతునూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపలేదు.

రంగులపెట్టె:
యోగా చాపలన్నీ పీవీసీవి కావు. రబ్బరువి ఉన్నాయి, ఈవీఏవి కూడా ఉన్నాయి. చూడకుండా తేల్చేస్తే ఎలా?

అంచుపట్టీ:
నిజమే, చూసే తేల్చుకోవాలి. ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి చేయండి. రాగి తీగను పటకారుతో పట్టుకుని మంటలో ఎర్రగా కాల్చండి, మంటకు ఏ రంగూ రాకుండా పోయేదాకా. తీగ వేడిగా ఉండగానే రంగు పడని చాప తునక ఒకదానికి ఒక్కసారి తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే దాదాపుగా పీవీసీయే. తునక ఆవగింజంత అంటితే చాలు. పొగ పీల్చకండి.

కొత్తకవచం:
చేశాను. పచ్చగా వచ్చింది, చిలకాకుపచ్చ. హీట్ గన్ కూడా వాడాను, ఆ రోజు కళ్లు మండాయి. జిగురు వాసన వల్ల అనుకున్నాను.

ఇప్పుడు ఆ రంగు గీకేసి వేరే రంగు వేయవచ్చా? చెక్కిన అంచులు, మధ్య గీత అన్నీ అందులోనే ఉన్నాయి.

రంగులపెట్టె:
సరే, నా అంచనా తప్పే. నీటితో కలిపే అక్రిలిక్ అయితే పీవీసీ మీద కొంత నిలుస్తుంది. కానీ ఈ జిగురు పొర అంతా పోవాలి. సాండ్ పేపర్ పట్టదు, ముద్ద కట్టేస్తుంది. థిన్నర్ వాడితే చాప ఉపరితలమే పాడవుతుంది.

పనిబల్ల:
అతుకులు కూడా ఆ నూనెకు కొన్నాళ్లకు మెత్తబడి విడిపోతాయి. కొత్తది చేయండి.

ఉక్కురేకు:
ఆ ముక్కను పారేయకండి, దాన్నే నమూనాగా వాడుకోండి. పల్చటి ప్లాస్టిక్ కాగితం గట్టిగా చుట్టండి, జిగురు ఉంది కాబట్టి చక్కగా అతుక్కుంటుంది. దాని మీద అంతటా మాస్కింగ్ టేపు వేయండి. అతుకులు, మధ్య గీత, అంచులు పెన్నుతో గీసి, ఎడమకూ కుడికీ గుర్తులు పెట్టి, గీతల వెంట కోసి విప్పండి. పరిస్తే మీ నాలుగు నెలల కొలతలు బల్ల మీద ఉంటాయి. ఛాతీ రేకును మధ్యలో ఉబ్బుగా, గీత తేలేలా చేయండి. అసలు కవచంలో ఆ ఉబ్బుకే దెబ్బ పక్కకు జారిపోయేది.

అంచుపట్టీ:
ఈసారి ఈవీఏ. కోసిన తర్వాత హీట్ గన్ తిప్పితే పైభాగం కాస్త మెరుపు తేలుతుంది, అక్కడితో ఆపండి. రంగు వేయడానికి ముందే వేడి చేసి వంపు తెప్పించండి, తర్వాత వంచితే రంగు పగులుతుంది. కాంటాక్ట్ జిగురు రెండు అంచులకూ పూసి, వేలికి అంటనంత ఆరాకే కలపండి, తొందరపడి తడి మీద కలిపితే విడిపోతుంది. సాగే గుణమున్న ప్రైమర్ పల్చగా మూడు నాలుగు పూతలు. పది రోజులు చాలు.

రంగులపెట్టె:
ఉక్కురేకు గారూ, గొలుసు కవచం భుజాల కింద కూడా తొడిగేవారా, చంకల దగ్గర మాత్రమేనా?

ఉక్కురేకు:
15వ శతాబ్దం నాటికి చాలామంది చంకల దగ్గర, మోచేతి లోపల, రేకు కప్పలేని చోట మాత్రమే గొలుసు ముక్కలు కుట్టుకునేవారు. అందుకే రెండు మాటలూ వేరుగా ఉండాలంటున్నాను.

కొత్తకవచం:
టేపు నమూనా బాగా వచ్చింది. షీటు తెచ్చాను, కోత మొదలుపెడుతున్నాను. ధన్యవాదాలు.