మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చదివేస్తోంది, ఇంట్లో ఎలా చదివించాలి?

రెండో తరగతి అమ్మ
మా పాపకు ఏడేళ్లు. అక్షరాలు, గుణింతాలు అన్నీ వచ్చు. కానీ పుస్తకం ఇస్తే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేస్తుంది, ఒత్తు కనిపిస్తే ఆగిపోతుంది. సరిదిద్దితే ఏడుపు. రోజూ సాయంత్రం ఇద్దరికీ టెన్షనే. మీ ఇళ్లలో ఏం చేశారు?

ఇద్దరు పిల్లల నాన్న
మా పెద్దవాడు తప్పు పలకగానే నేనూ వెంటనే అందుకుని చెప్పేసేవాణ్నండి. తర్వాత వాడు ఆగినప్పుడల్లా మనసులో ఐదు లెక్కపెట్టుకుని అప్పుడు నోరు తెరవడం మొదలుపెట్టా. చాలాసార్లు వాడే సరిచేసుకునేవాడు. అప్పటికీ రాకపోతే పదం చెప్పేసి ముందుకెళ్లడమే, అక్కడ పాఠం చెప్పడం మొదలుపెడితే కథ తెగిపోతుంది. ఇంకోటి, ఇద్దరం గొంతు కలిపి చదివేవాళ్లం, వాడికి ధైర్యం వచ్చిన చోట నా చేతి మీద తట్టేవాడు, నేను ఆపేసేవాణ్ని, తడబడితే మళ్లీ గొంతు కలిపేవాణ్ని. రోజుకు పది నిమిషాలు, అంతే.

చిన్న తరగతుల టీచర్
ముందు పుస్తకం మార్చి చూడండి. ఒక్క పేజీలో ఐదారు పదాల దగ్గర ఆగుతోందంటే అది తనకు బరువైన పుస్తకం, దాన్ని మీరే చదివి వినిపించండి, తన చేత తేలికది చదివించండి. ఊహించే అలవాటుకు, పదం కింద వేలు పెట్టి చివరి అక్షరం దాకా జరపమనండి.

ఒత్తుల దగ్గర పిల్లలు ఆగడానికి కారణం ఉంది. కింద రాసింది నోట్లో తర్వాత పలుకుతుంది, పై అక్షరమేమో సగమే పలుకుతుంది, పైగా కొన్ని ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. య, ర, త ఒత్తులు చూడండి. అందుకే అదే అక్షరం ఒత్తుగా వచ్చే అమ్మ, అక్క, పువ్వు లాంటివి బాగా వచ్చాకే పద్యం, చక్రం లాంటి వాటికి వెళ్లండి. మ-య, ఘ-ఝ, థ-ధ ఒకే రోజు నేర్పొద్దు, కలిసిపోతాయి.

బాబు వాళ్లమ్మ
మావాడు ఒకే పుస్తకం రోజూ చదవమంటాడు. మొదట్లో విసుక్కున్నా, ఇప్పుడు వద్దనను. చూసిన పదాలే మళ్లీ మళ్లీ కనబడితే చదవడం సాఫీగా సాగుతోంది.

అక్షరం
ఒక్క మాట. ఎన్ని నెలలు కూర్చున్నా ముందుకు సాగకపోతే కళ్లు, చెవులు పరీక్ష చేయించండి, డిస్లెక్సియా, అంటే అక్షరాలు, పదాలు చదవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది, దాని సంగతి కూడా అడగండి. మా బిడ్డ విషయంలో మేం ఆలస్యం చేశాం, బద్ధకమని తిట్టాం, ఆ తిట్లు ఇప్పటికీ బాధపెడతాయి. డిస్లెక్సియాకీ తెలివికీ సంబంధం లేదు.

రెండో తరగతి అమ్మ
అందరికీ థాంక్స్ అండి. పది రోజులైంది, తేలిక పుస్తకాలే చదివిస్తున్నా. నిన్న 'చుట్టం' దగ్గర ఆగింది, నేను లోపల లెక్కపెడుతున్నా, నాలుగు దగ్గర ఉండగా తనే చదివేసి నావైపు చూసింది! చదివాక అర్థమైందో లేదో ప్రశ్నలు అడగాలా?

చిన్న తరగతుల టీచర్
పరీక్షలా వద్దండి. మీకు నచ్చిన చోటేదో మీరు చెప్పండి, తనే అందుకుంటుంది.