టెక్‌ట్రానిక్స్ 545ఎ సీఆర్ఓ: అసలు ప్రతిభ నిలువు యాంప్లిఫయర్‌లో ఉందా, స్వీపులో ఉందా?

గాజుబుడ్డి (హిల్స్‌బరో, ఒరెగాన్):

నమస్తే అందరికీ. రెండు నెలల కిందట ఒక పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తుంటే టెక్‌ట్రానిక్స్ 545ఎ స్కోపు ఒకటి తెచ్చుకున్నాను. మన కాలేజీ మాటలో సీఆర్ఓ, అంటే విద్యుత్ సిగ్నల్‌ను తెర మీద గీతగా గీసి చూపించే పెట్టె. బరువు 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కారులోంచి ఇంట్లోకి చేర్చడానికి ఇద్దరం పట్టాం. ఇవి తయారైంది ఈ పోర్ట్‌లాండ్ చుట్టుపక్కలే కాబట్టి ఇక్కడ ఇప్పటికీ అప్పుడప్పుడూ దొరుకుతాయి. మొదటి 545 మోడల్ 1950ల మధ్యలో వచ్చింది, 'ఎ' దాని తర్వాతది. లోపల పని చేసేవన్నీ దాదాపు వాల్వులే (గాజు ట్యూబులు).

దీని గురించి ఎక్కడ చదివినా ముందు 30 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (చూపగల వేగానికి హద్దు), డిస్ట్రిబ్యూటెడ్ యాంప్లిఫయర్ అంటూ నిలువు వైపునే, అంటే చుక్కను పైకీ కిందికీ కదిపే భాగాన్నే మెచ్చుకుంటారు. సర్క్యూటు చూస్తున్న కొద్దీ అది సరి కాదనిపిస్తోంది. ఈ డిజైన్‌లో అసలు బుర్ర పెట్టింది అడ్డం వైపు, అంటే చుక్కను ఎడమ నుంచి కుడికి నడిపే స్వీపు మీద అని నా వాదన.

అంతకు ముందు మామూలుగా వాడిన స్కోపుల్లో, ఉదాహరణకు డ్యూమాంట్ 208లో, స్వీపు కోసం 884 అనే గ్యాస్ ట్యూబు ఉండేది. కెపాసిటర్ నిండుతుంది, ట్యూబు వెలిగి దాన్ని ఖాళీ చేస్తుంది, మళ్ళీ నిండుతుంది. సిగ్నల్ ఉన్నా లేకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. బొమ్మ నిలబడాలంటే ఒక చేత్తో ఫ్రీక్వెన్సీ నాబు, ఇంకో చేత్తో సింక్ నాబు తిప్పుతూ బతిమాలుకోవాలి. తెర మీద ఒక సెంటీమీటరు అంటే ఎంత కాలమో చెప్పే దారే లేదు. 1947లో వచ్చిన టెక్‌ట్రానిక్స్ 511లో సిగ్నల్ వచ్చినప్పుడే స్వీపు బయల్దేరుతుంది, దాని వేగం కూడా నాబు మీద రాసి ఉంటుంది. 545ఎ దగ్గరికి వచ్చేసరికి సెంటీమీటరుకు 0.1 మైక్రోసెకను నుంచి 5 సెకన్ల దాకా, 3 శాతం లోపు తేడాతో. తెర అప్పటిదాకా బొమ్మ చూపించేది, ఇక్కడి నుంచి కాలం కొలిచింది. మీరేమంటారు?

నానోసెకను (హైదరాబాద్):

అన్నా, నేను ఒప్పుకోను. ముందు చిన్న లెక్క చూడండి.

ఆ రోజుల్లో టీవీల్లో వాడిన 6సీబీ6 పెంటోడ్ తీసుకోండి. దాని ట్రాన్స్‌కండక్టెన్స్ (ఇన్‌పుట్ కొస అయిన గ్రిడ్ మీద ఒక వోల్టు మారితే అవుట్‌పుట్ కొస అయిన ప్లేట్‌లో కరెంటు ఎంత మారుతుందో) 8 మిల్లీఆంపియర్లు పర్ వోల్ట్, మామూలుగా నడిచే కరెంటు 13 మిల్లీఆంపియర్లు. ట్యూబు, వైరింగు, తెర ప్లేట్లు అన్నీ కలిపి 20 పికోఫారడ్లు అనుకుందాం. 30 మెగాహెర్ట్జ్ రావాలంటే ప్లేట్ లోడు 265 ఓమ్‌లు దాటకూడదు. అప్పుడు గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, ఎంత? 2.1. పైగా తెర మీద సెంటీమీటరు కదలికకు 7 వోల్టులు కావాలనుకుంటే, 4 సెంటీమీటర్లకు 28 వోల్టులు. పుష్‌పుల్ (రెండు తెర ప్లేట్లనూ ఎదురెదురుగా నడపడం) కాబట్టి ఒక్కో వైపు 14. 265 ఓమ్‌లలో 14 వోల్టులు ఊగాలంటే 53 మిల్లీఆంపియర్లు కావాలి. ట్యూబు దగ్గర ఉన్నది 13.

సరే, నాలుగు ట్యూబులు కలిపి కట్టేద్దాం అంటారా? కరెంటుతో పాటు ట్యూబుల కెపాసిటెన్స్ కూడా నాలుగింతలవుతుంది. లోడు ఇంకా తగ్గించాలి. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే.

ఇక్కడే డిస్ట్రిబ్యూటెడ్ యాంప్లిఫయర్ అందం ఉంది. ట్యూబుల కెపాసిటెన్స్‌తో పోట్లాడడం మానేసి, మధ్యలో కాయిల్స్ పెట్టి దాన్నే ఒక ట్రాన్స్‌మిషన్ లైనుగా మార్చేస్తారు. గ్రిడ్‌లకు ఒక లైను, ప్లేట్‌లకు ఇంకో లైను. అల గ్రిడ్ లైను మీద నడుస్తుంటే, ఒక్కో ట్యూబు తన వంతు కరెంటును ప్లేట్ లైనులో సరిగ్గా అదే సమయానికి కలుపుతుంది. కరెంటులు కూడుకుంటాయి, కెపాసిటెన్స్‌లు కూడుకోవు. ఈ ఆలోచనకు పెర్సివల్ 1936లోనే బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. 1948లో గింజ్‌టన్, హ్యూలెట్, జాస్‌బర్గ్, నో కలిసి రాసిన పేపరుతో అది ఇంజనీర్లందరికీ అందింది. ఇప్పటికీ మైక్రోవేవ్ చిప్పుల్లో ఇదే పద్ధతి. నేను చేసే హై స్పీడ్ చిప్పు ప్యాడ్ డిజైన్‌లో ఈఎస్‌డీ (స్టాటిక్ షాక్ నుంచి చిప్పును కాపాడే భాగం) కెపాసిటెన్స్‌ను కనపడకుండా చేసే టీ కాయిల్ కూడా ఆ స్కోపుల నిలువు యాంప్లిఫయర్లలో ఆరితేరిన విద్యే.

మీ గ్యాస్ ట్యూబు స్వీపు ఎక్కడుంది ఇప్పుడు? 545ఎలో స్వీపు గీత పుట్టించే మిల్లర్ రన్‌అప్ సర్క్యూటు ఎక్కడుంది?

పద్మజ_ల్యాబ్ (కాకినాడ):

నానోసెకను బాబూ, లెక్క బాగా చెప్పావు. గ్యాస్ ట్యూబు పోలిక మాత్రం సరిపోలేదు. గాజుబుడ్డి దాన్ని పాత పద్ధతికి ఉదాహరణగా చెప్పారు, 545ఎలో అది లేదు.

నేను ముప్పై ఏళ్ళు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పాఠం చెప్పాను. మొదట్లో మా దగ్గర ఉన్నవన్నీ సింక్ రకం సీఆర్ఓలే. పిల్లలు గంటన్నర ప్రాక్టికల్‌లో ముప్పావు గంట బొమ్మ నిలబెట్టడానికే ఖర్చు పెట్టేవారు. ఒక్కసారి వచ్చి పోయే పల్స్ చూపించమంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. తర్వాత ట్రిగ్గర్ లెవెల్ నాబు (సిగ్నల్ ఎంత ఎత్తుకు చేరితే స్వీపు బయల్దేరాలో చెప్పేది) ఉన్న స్కోపు ఒకటి వచ్చింది. ఆ రోజు నా క్లాసు నడిచే తీరే మారింది. అందుకే నా మొగ్గు స్వీపు వైపే.

ఒక్క సవరణ. ట్రిగ్గర్‌తో బయల్దేరే స్వీపు 511తో పుట్టలేదు, యుద్ధ కాలం రాడార్లలో ఉంది. దాన్ని మామూలు ఇంజనీరు బల్ల మీదకు, కొలతలతో సహా తెచ్చిన ఘనత టెక్‌ట్రానిక్స్‌ది.

మిల్లర్ సర్క్యూటును మనం తక్కువగా చూస్తాం. కెపాసిటర్‌ను రెసిస్టర్ గుండా నింపితే గీత వంగుతుంది, ఎందుకంటే అది నిండే కొద్దీ కరెంటు తగ్గుతుంది. మిల్లర్‌లో కెపాసిటర్ రెండో కొస ట్యూబు అవుట్‌పుట్‌కి కట్టి ఉంటుంది. అవుట్‌పుట్ 150 వోల్టులు పైకి ఎక్కినా, గెయిన్ 200 ఉందనుకుంటే గ్రిడ్ ముప్పావు వోల్టుకు మించి కదలదు. రెసిస్టర్ మీద వోల్టేజీ దాదాపు అలాగే ఉంటుంది, కరెంటూ అలాగే, గీత తిన్నగా వస్తుంది. దాని తర్వాత హోల్డాఫ్. కెపాసిటర్ పూర్తిగా తేరుకునే దాకా కొత్త ట్రిగ్గర్‌ను లోపలికి రానివ్వదు. ఇది లేకపోతే ప్రతి గీతా ఒక్కో చోట మొదలవుతుంది.

ఇంకో మాట. నిలువు వైపు అంత కష్టపడి ట్రిమ్మర్ (చిన్న సర్దుబాటు స్క్రూ) తర్వాత ట్రిమ్మర్ తిప్పుతూ సరిచేసే డిలే లైను ఎందుకుంది? ట్రిగ్గర్ అందుకుని స్వీపు కదలడానికి కొంత సమయం పడుతుంది, ఈలోగా సిగ్నల్ అంచు దాటిపోకుండా 0.2 మైక్రోసెకను ఆపడానికి. అంటే నిలువు వైపు పడిన ఆ పాటు స్వీపు కోసమే.

నానోసెకను:

మేడమ్, డిలే లైను విషయం మీరు చెప్పినట్టు నేనెప్పుడూ ఆలోచించలేదు. కానీ అదే మాట తిప్పి చెప్పొచ్చు. స్వీపు ఆలస్యాన్ని కప్పిపుచ్చే భారం నిలువు వైపే మోసింది కదా! ఆ లైను సిగ్నల్ అంచును చెడగొట్టకూడదు. 30 మెగాహెర్ట్జ్‌కి రైజ్ టైమ్ (అంచు పైకి ఎక్కడానికి పట్టే సమయం) సుమారు 12 నానోసెకన్లు. అన్ని కాయిల్స్, అన్ని ట్రిమ్మర్లు దాటి వచ్చాక కూడా ఆ 12 నిలవాలి. స్వీపులో 3 శాతం తప్పుంటే సరిదిద్దుకోవచ్చు. యాంప్లిఫయర్ మింగేసిన అంచును ఎవరూ తిరిగి తేలేరు.

కండెన్సర్ బాబాయ్ (గుంటూరు):

పిల్లలూ, మేడమ్ గారూ, మీ ముగ్గురి వాదనా చదివాను. నేను చదువుకున్నవాణ్ణి కాదు, నలభై ఏళ్ళుగా వాల్వు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగు చేస్తున్నాను. ఈ టెక్ స్కోపులు రెండు నా చేతి మీదుగా వెళ్ళాయి. మీరెవరూ పవర్ సప్లై ఊసే ఎత్తలేదు.

545ఎలో మైనస్ 150 వోల్టుల సప్లై ఒకటుంది. దానికి ఆధారం 5651 అనే చిన్న గాజు రిఫరెన్స్ ట్యూబు, దాని మీద సుమారు 87 వోల్టులు నిలుస్తాయి. మిగతా 100, 225, 350, 500 వోల్టుల సప్లైలు అన్నీ ఈ మైనస్ 150ని చూసి తమ లెక్క సరిచేసుకుంటాయి. మేడమ్ చెప్పిన మిల్లర్‌లో ఆ రెసిస్టర్ రెండో కొస ఎక్కడికి పోతుంది? మైనస్ 150కే. అంటే మీ సెంటీమీటరుకు ఇన్ని మైక్రోసెకన్లు అన్న మాట ఆ గాజు ట్యూబు ఇచ్చిన మాటే. ముందు ప్యానెల్ మీద కాలిబ్రేటర్ (సరిచూసుకోవడానికి ఇచ్చే కొలత సిగ్నల్) ఉంది, 1 కిలోహెర్ట్జ్ చదరపు అల, 0.2 మిల్లీవోల్టు నుంచి 100 వోల్టుల దాకా. అది 100 వోల్టుల సప్లై మీద నిలబడింది, ఆ సప్లై మళ్ళీ మైనస్ 150 మీద. కాలమూ వోల్టూ రెండూ ఒకే గూటి పక్షులు.

కృష్ణా గోదావరులు ఏది గొప్పదని వాదించుకుంటూ వాన సంగతి మర్చిపోయినట్టుంది మీ చర్చ.

గాజుబుడ్డి నాయనా, ముందు అది కొలువు. ఇంకో రెండు జాగ్రత్తలు. తెర ట్యూబుకు వెనక మైనస్ 1350, ముందు 8,650 వోల్టులు ఉంటాయి, మొత్తం 10 వేలు. స్విచ్ ఆపాక కూడా చెయ్యి పెట్టకు, డిశ్చార్జ్ చేసి పెట్టు. రెండోది, లోపల తెల్లటి సెరామిక్ పట్టీలుంటాయి. వాటి గాళ్ళలో వెండి పూత ఉంటుంది. మామూలు లెడ్డు (టంకం) పెడితే ఆ వెండి కరిగి లెడ్డులో కలిసిపోయి గాడి ఊడుతుంది. 3 శాతం వెండి ఉన్న లెడ్డే వాడాలి. అందుకే కంపెనీ వాళ్ళు ఆ లెడ్డు చిన్న చుట్ట ఒకటి పెట్టె లోపలే పెట్టి పంపేవారు. బాగు చేసే మనిషిని తలుచుకుని డిజైన్ చేసిన పెట్టె నేను ఇంకోటి చూడలేదు.

గాజుబుడ్డి:

బాబాయ్ గారూ, చుట్ట నిజంగానే ఉంది! పక్క గోడకు, సగం వాడేసి. అది చూడగానే ఈ స్కోపును నాకు ముందు ఎవరో శ్రద్ధగా చూసుకున్నారని అర్థమైంది, మనసుకు హాయిగా అనిపించింది.

ఈ రోజు కొలిచాను. మైనస్ 150 ఉండాల్సిన చోట మైనస్ 146. అప్పుడు క్రిస్టల్ ఆసిలేటర్ నుంచి 10 మైక్రోసెకన్లకొకటి వచ్చే మార్కర్ పల్సులు ఇచ్చి, స్వీపు సెంటీమీటరుకు 10 మైక్రోసెకన్ల మీద పెట్టాను. పది సెంటీమీటర్లు పట్టాల్సిన పది మార్కర్లు 9.7లోనే సర్దుకున్నాయి. అంటే స్వీపు 3 శాతం నెమ్మది, సప్లై కూడా దాదాపు అంతే తక్కువ. కాలిబ్రేటర్ కొలిస్తే 100కి బదులు 97 చిల్లర. బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. కాలిబ్రేటర్‌ను నమ్మి నిలువు గెయిన్ సరిచేసి ఉంటే ఆ తప్పును నేనే పక్కా చేసేవాణ్ణి.

మైనస్ 150 సరిచేశాను. టైమింగ్ రెసిస్టర్ ఒక్కటీ ముట్టుకోకుండానే మార్కర్లు గీతల మీదకు వచ్చి కూర్చున్నాయి. నా వాదనలో సగం మాత్రం కూలింది.

ఇంకో సమస్య మిగిలింది. 100 కిలోహెర్ట్జ్ చదరపు అల ఇస్తే, అంచు మొదట్లో కాస్త పైకి లేచి, సుమారు ఒక మైక్రోసెకనులో కిందికి దిగుతోంది. డిలే లైను ట్రిమ్మర్లు తిప్పమంటారా?

పద్మజ_ల్యాబ్:

వద్దు, వద్దు. ట్రిమ్మర్లు అస్సలు ముట్టుకోకండి. ఆ లైను పొడవే 0.2 మైక్రోసెకను, దాని తప్పులు అంతకంటే సన్నగా, అంచు దగ్గరే కనిపిస్తాయి. ఒక మైక్రోసెకను పాటు సాగే వాలు వేరే జబ్బు.

నానోసెకను:

మేడమ్ చెప్పింది నిజం. అది కేథోడ్ (ట్యూబులో ఎలక్ట్రాన్లను వదిలే భాగం) ఇంటర్‌ఫేస్ కావచ్చు. కేథోడ్ నికెల్‌లో సిలికాన్ ఉంటే, ఏళ్ళు గడిచే కొద్దీ నికెల్‌కూ ఆక్సైడ్ పూతకూ మధ్య ఒక పొర ఏర్పడుతుంది. అది కేథోడ్‌తో సిరీస్‌లో ఒక రెసిస్టర్, దానికి సమాంతరంగా ఒక కెపాసిటర్ పెట్టినట్టు పని చేస్తుంది. వేగంగా కదిలే అంచు కెపాసిటర్ గుండా దాటిపోతుంది, ఆ తర్వాత గెయిన్ పడిపోతుంది. మీరు చెప్పిన బొమ్మ సరిగ్గా అదే. ఎంఐటీలో వర్ల్‌విండ్ కంప్యూటర్ కట్టినవాళ్ళను కూడా ఈ జబ్బు బాగా ఇబ్బంది పెట్టింది, సిలికాన్ తక్కువున్న కేథోడ్‌లకు మారాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే ఇది నా వాదనకు దెబ్బే. డిస్ట్రిబ్యూటెడ్ యాంప్లిఫయర్‌లో ఒక ట్యూబు నీరసపడితే మిగతావి మోసేస్తాయని మనసులో మెచ్చుకుంటూ వచ్చాను. వరసలో అన్నీ ఒకేలా ముసలివైతే మోసేదెవరు? ఏది చెడిందో కనిపెట్టడం కూడా కష్టం.

కండెన్సర్ బాబాయ్:

కనిపెట్టడానికి తేలిక దారి ఉంది. వేరియాక్ (వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి మెయిన్స్‌ను 5 శాతం పెంచు, తర్వాత 5 శాతం తగ్గించు. సప్లైలు రెగ్యులేటర్లలో ఉన్నాయి, కదలవు. ఎక్కువ ట్యూబుల హీటర్లకు రెగ్యులేషన్ లేదు, అవి మాత్రం కదులుతాయి. కేథోడ్ వేడెక్కితే ఆ పొర రెసిస్టెన్స్ తగ్గుతుంది. మెయిన్స్ పెంచినప్పుడు వాలు తగ్గి, దించినప్పుడు పెరిగితే జబ్బు అదే. ఒక్కో ట్యూబు మార్చి చూడు. తీసిన ప్రతిదానికీ ఏ సాకెట్లోదో కాగితం అంటించు.

గాజుబుడ్డి:

వేరియాక్‌తో చూశాను. 5 శాతం పెంచితే వాలు సగానికి పైగా తగ్గింది, దించితే బాగా పెరిగింది. ట్యూబులు ఆర్డర్ పెట్టాను. వచ్చే శనివారం మొదటి సాకెట్ నుంచి మొదలుపెడతాను. ప్రతి ట్యూబు తర్వాతా తెర ఫోటో ఇక్కడే పెడతాను.

నానోసెకను:

ఫోటో తీసేటప్పుడు డిలేయ్డ్ స్వీపు (కొంత ఆగి బయల్దేరే స్వీపు) వాడండి అన్నా. పది చుట్ల డయల్‌తో అంచును తెర మధ్యకు తెచ్చుకుని సాగదీస్తే, వాలు ఎక్కడ మొదలవుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. అవును, అది స్వీపు వైపు ఉపకారమే, ఒప్పుకుంటున్నాను.