నాన్న స్మారక కూడికలో గంట ఎనిమిదిసార్లు మోగించవచ్చా?

మా నాన్న పోయిన నెల ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. నేవీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. స్మారక కూడికలో ఐదు నిమిషాలు మాట్లాడమని అమ్మ నాకు చెప్పింది. రాయడానికి కూర్చుంటే ఏడుపొస్తోంది, టెన్షన్‌గానూ ఉంది.

ఓడలో ఒక్కో కాపలా మామూలుగా 4 గంటలు. అరగంటకోసారి గంట కొడతారు, ప్రతిసారీ ఒక దెబ్బ పెంచుతూ. ఎనిమిది దెబ్బలు పడితే డ్యూటీ ముగిసినట్టు. అందుకే నావికుడు చనిపోయినప్పుడు గంట ఎనిమిదిసార్లు మోగించే ఆనవాయితీ ఉంది. చర్చిలో ప్రార్థన తర్వాత అలా ఎవరైనా చేశారా? పాస్టరుగారిని ఎలా అడిగారు?

వాక్యానికి 107వ కీర్తన 23 నుంచి 30 వచనాలు అనుకుంటున్నాను. ఓడలెక్కి వెళ్లినవాళ్లు తుఫానులో మొరపెడితే దేవుడు వాళ్లను కోరుకున్న రేవుకు చేర్చడం అందులో ఉంది. నాన్నకు ఇంతకన్నా సరిపోయేది నాకు దొరకలేదు.

ఇంటి విషయమే ఎలా చెప్పాలో తెలియడం లేదు. సెలవుకు వచ్చినప్పుడు మా అందరి బూట్లూ తనే పాలిష్ చేసి వరసగా పెట్టేవారు. రాత్రి మోకరించి మా ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించేవారు. మెడల్స్ కన్నా నాకు అదే ఎక్కువ గుర్తు. అదే చెప్పి సర్వీసు వివరాలు తగ్గిస్తే ఆయన తోటి నావికులు నొచ్చుకుంటారా? నేవీలో పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.