పలువురతో నిగ్రహించా, విగ్రహించా?

సూక్ష్మదర్శిని (గుంటూరు): పెద్దలకు నమస్కారం. సుమతీ శతకంలోని "బలవంతుడ నాకేమని" పద్యం రెండో పాదం నన్ను వదలట్లేదు. పుస్తకాల్లో "పలువురతో నిగ్రహించి పలుకుట మేలా" అని ఉంది. మా తాతగారు "విగ్రహించి" అని చదివేవారని నాకు గట్టి గుర్తు. "వి" పాఠం అచ్చులో ఎవరైనా చూశారా?

ఎందుకంటే, కాలేజీ సంచికకు బాక్టీరియా కోరం సెన్సింగ్ మీద, అంటే అవి తమ గుంపు ఎంతుందో రసాయన సంకేతాలతో పసిగట్టడం మీద, వ్యాసం రాస్తున్నాను. మొదట్లో ఈ పద్యం పెట్టాలని ఉంది. రోగం తెచ్చే బాక్టీరియా చాలావరకు ఒంటరిగా ఉన్నప్పుడు విషం కక్కవు. ఒక్కొక్కటీ చిన్న రసాయన సంకేతాన్ని బయటికి వదులుతుంది. సంఖ్య పెరిగేకొద్దీ ఆ రసాయనం చిక్కబడుతుంది. ఒక హద్దు దాటిందంటే గుంపంతా ఒకేసారి జన్యువులను మేల్కొలిపి విషాలు, కణజాలాన్ని కరిగించే ఎంజైములు వదులుతుంది. నలుగురున్నప్పుడే తొందరపడితే మన రోగనిరోధక శక్తి కనిపెట్టి తుడిచేస్తుంది కదా. ఇది చదివి చలిచీమలు గుర్తురాని తెలుగువాడు ఉంటాడా?

కందపద్యం (విజయవాడ): ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదండీ. "తోనిగ్" గగం, "గ్రహించి" జగణం. కందంలో ఆరో గణం నలమో జగణమో కావాలన్న నియమం చెల్లింది. యతి ప-ప. "ని" తీసి "వి" పెట్టినా ఏమీ చెడదు. కాబట్టి అర్థంతోనే తేల్చాలి, నా ఓటు "వి"కే. సంధి, విగ్రహం అంటాం. విగ్రహమంటే పేచీ, పోరు. "పలువురతో" పోరాడతారు. నిగ్రహించడమైతే "పలువురను" నిగ్రహించాలి. "తో" ఎక్కడ కుదిరింది?

కృష్ణలంక: కందపద్యం గారూ, "తో"ను "పలుకుట"తో అన్వయించండి. పలువురతో పలుకుట. ఎలా పలుకుట? నిగ్రహించి, అంటే వాళ్లను అణగదొక్కుతూ. అన్వయం చక్కగా నడుస్తుంటే పాఠం దిద్దడం దేనికి? పైగా "విగ్రహించి" అనే క్రియ నీతిశాస్త్రం చదివినవాడి నోట్లోది, పిల్లలకు చెప్పే శతకంలోది కాదు.

అసలు దీని మూలం పంచతంత్రంలో కాకులు, గుడ్లగూబల కథ నడిచే కాకోలూకీయం. "బహవో న విరోద్ధవ్యాః" (పలువురితో విరోధం కూడదు) అని మొదలై "స్ఫురంతమపి నాగేంద్రం భక్షయంతి పిపీలికాః" (కొట్టుకుంటున్న పెద్ద పామునైనా చీమలు తినేస్తాయి) అని ముగుస్తుంది. అక్కడ కథ కూడా ఉంది. అతిదర్పుడనే నల్లత్రాచు పుట్టలోంచి రోజూ వచ్చే దారి వదిలేసి ఇరుకు కన్నంలోంచి బయటికి దూరింది. ఒళ్లు గీరుకుపోయింది. ఆ నెత్తురు వాసనకు చీమలు పట్టాయి. బలం ఎంతున్నా గాయం పడ్డాకే కథ మారింది.

కందపద్యం: చూశారా, మూలంలో "విరోద్ధవ్యాః" అనే ఉంది. విరోధం, విగ్రహం. తెలుగు చేసిన కవి చెవిలో ఆ "వి" మోగి ఉండదా?

సూక్ష్మదర్శిని: కృష్ణలంక గారూ, గాయం మాట చెప్పారు చూడండి, నా వ్యాసానికి అదే ప్రాణం! సూడోమోనాస్ ఎరుగినోసా అనే బాక్టీరియా అచ్చంగా అంతే. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద దాని ఆట సాగదు. కాలిన గాయం దొరికితే మాత్రం అక్కడ గూడుకట్టుకుని, సంకేతాలు చిక్కబడ్డాక ఎలాస్టేజ్ అనే ఎంజైము వదిలి కణజాలాన్ని కరిగిస్తుంది.

పెదకాకాని: నేను కాలిన గాయాల వార్డులో పనిచేశాను. ఆ క్రిమి పట్టిన గాయానికి కట్టు విప్పితే గాజుగుడ్డ మీద పచ్చా నీలం కలిసిన మరక ఉంటుంది. ముగ్గిన ద్రాక్షపండ్ల వాసన ముందే చెప్పేస్తుంది. ఆ రంగుకీ ఈ సంకేతాలకీ సంబంధం ఉందా మేడమ్?

సూక్ష్మదర్శిని: ఉందండీ. ఆ నీలం రంగు పయోసయానిన్. మన కణాలకు హాని చేసే పదార్థమే అది. దాని తయారీ కూడా కోరం సంకేతాల చేతిలోనే ఉంటుంది. మీరు చూసిన మరక అంటే, అక్కడ గుంపు అప్పటికే కూడి పని మొదలుపెట్టిందని.

గవర్నరుపేట: అమ్మా, పద్యం అన్నిటికీ అతకదు. కలరా క్రిమి నడత దీనికి తలకిందులు. విబ్రియో కలరే తక్కువ మంది ఉన్నప్పుడే పేగుకు అతుక్కుని విషం తయారుచేస్తుంది. గుంపు పెరిగి సంకేతం చిక్కబడ్డాక విషం ఆపేసి, పట్టు వదిలించే ఎంజైము చేసుకుని, విరేచనాలతో బయటపడి ఇంకొకరిని వెతుక్కుంటుంది. అమెరికా శాస్త్రవేత్త బానీ బాస్లర్ బృందం 2002లోనే దీన్ని వివరించింది. కాబట్టి "గుంపు కూడితే దాడి" అని ఒక్క పద్యంతో తేల్చేయకండి.

ఇక "ని"-"వి" గురించి నా మాట. చీముగడ్డలు తెచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియాలో సంకేతంగా పనిచేసేది ఒక చిన్న పెప్టైడ్, అంటే పొట్టి ప్రొటీన్ ముక్క. ఆ జాతిలో నాలుగు వర్గాలున్నాయి. సాధారణంగా ఒక వర్గం పెప్టైడ్ తనవాళ్లను లేపుతుంది, పక్క వర్గాల నోరు నొక్కుతుంది. నిగ్రహించి పలుకుట అంటే ఇంతకంటే ఏం కావాలి? "ని" ఉంచండి.

కృష్ణలంక: "ని"కి నా మద్దతు ఉన్నా ఆ కారణం ఒప్పుకోను. పద్యంలో పలికేది బలవంతుడు. చీమలు ఒక్క మాటా మాట్లాడవు. సంకేతాలను తెచ్చి పాము నోట్లో పెడితే అన్వయం పోతుంది.

సూక్ష్మదర్శిని: చీమలు మాట్లాడకపోవడమేమిటండీ! వాటి దారంతా రసాయనాల మాటే కదా. ఒకటి వదిలిన వాసన జాడ పట్టుకునే మిగతావి వస్తాయి. కలరా సంగతి మాత్రం వ్యాసంలో తప్పకుండా రాస్తాను. చికిత్సకు అది చాలా ముఖ్యం. క్రిమిని చంపకుండా దాని సంకేతాన్ని తెంచితే చాలని పరిశోధకుల ఆలోచన. కొన్ని బాసిల్లస్ బాక్టీరియా చేసే ఒక ఎంజైము పక్కవాళ్ల సంకేతాన్ని విరిచేస్తుంది. చంపే మందు కాదు కాబట్టి దానికి నిరోధకత త్వరగా పెరగదేమోనని ఆశ. కానీ కలరాలో సంకేతం తెంచితే విషం ఆగదు, సాగుతుంది. అక్కడ సంకేతాన్ని ముందుగానే అందించాలి. యాంటీబయోటిక్స్ ఒక్కొక్కటీ పనిచేయకుండా పోతున్న రోజుల్లో మన పిల్లలు ఈ తేడా తెలుగులో చదవాలి.

పెదకాకాని: అది రాయండి మేడమ్. వార్డులో అటెండెంట్లకు చదివి వినిపిస్తాను.

కందపద్యం: విగ్రహం తెలుగు నోటికి కొత్తన్న మాట మాత్రం ఒప్పుకోను. ఉద్యోగపర్వమంతా సంధా, విగ్రహమా అన్న ఊగిసలాటే. దాన్ని తెలుగువాళ్ల చెవికి ఎక్కించింది తిక్కన. పైగా ఆయన మన గుంటూరు మనిషి.

గవర్నరుపేట: తిక్కన నెల్లూరు ఆస్థానం కవి కదండీ.

కందపద్యం: ఉన్నది నెల్లూరు మనుమసిద్ధి దగ్గర. ఇంటి మూలం గుంటూరు. నిర్వచనోత్తర రామాయణంలో తానే చెప్పుకున్నాడు: "సార కవితాభిరాము గుంటూరి విభుని, మంత్రి భాస్కరు మత్పితామహుని". తాతను తలచుకుని అయినా లోకం తన కావ్యాన్ని ఆదరిస్తుందని! అంతటివాడు అలా అన్నాడంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

కృష్ణలంక: "విభుని" దగ్గర ఆగండి. విభుడంటే ఏలికా, ఊరి అధికారా? పేరు ముందు "మంత్రి" ఉంది కాబట్టి నేను రెండోదే అంటాను.

కందపద్యం: మంత్రి అయినవాడు ఊరిని ఏలకూడదా? పాత శతకాల ప్రతుల కోసం వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఎలాగూ వెళ్తున్నాను. తిక్కన కాలపు కవి కేతన ఆయన వంశం గురించి రాసిన పద్యాలు కూడా చూసి వస్తాను, అక్కడ విభుడి సంగతి మాట్లాడుకుందాం.