నాయనమ్మ గద్వాల చీరను ప్రయాణంలో కట్టుకోవచ్చా, దాచిపెట్టాలా?

గద్వాల ఆడబిడ్డ:
మా నాయనమ్మ కట్టిన గద్వాల చీర నా దగ్గర ఉంది. ఒళ్లంతా లేత ఆకుపచ్చ నూలు, అంచూ కొంగూ వంకాయ రంగు పట్టు. ఇరవై ఏళ్లుగా అది సందుకలోనే ఉంది. వచ్చే నెల అలంపురం జోగులాంబ దర్శనానికీ, అక్కడి నుంచి శ్రీశైలానికీ వెళ్తున్నాము. అమ్మవారి ముందు ఈ చీరతో నిలబడాలని నా కోరిక. మా అమ్మ మాత్రం "ఉన్నది ఇదొక్కటే గుర్తు, బస్సుల్లో చింపుకొని వస్తావా" అని ఒప్పుకోవడం లేదు. ఇటువంటి పాత చీరను కట్టుకోవాలా, దాచాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

నల్లగొండ మాస్టారు:
అమ్మా, మీ అమ్మగారి మాటే సరైనదని నా అభిప్రాయం. పట్టు ఎండకూ చెమటకూ బలహీనపడుతుంది, తడిస్తే ఇంకా మెత్తబడుతుంది. మా తాతగారి తేలియా రుమాలు ఒకటి మా ఇంట్లో ఉండేది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదతోనూ, నూనెతోనూ నూలును పదేపదే నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే రంగు అద్ది నేసే ఆ రుమాళ్లు పుట్టపాకలో ఇప్పటికీ తయారవుతున్నాయి. వాటికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లిళ్లకు మాత్రమే బయటికి తీసి తలకు చుట్టుకున్నా, మా రుమాలు మడతల దగ్గర చీలిపోయింది. ఇప్పుడు జానెడు ముక్క మిగిలింది. అదే రంగుల్లో కొత్త చీర నేయించుకుని కట్టుకోండి, పాతదాన్ని కాపాడండి.

మగ్గం ఇంటి మనిషి:
మాస్టారు గారి బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ అలాంటి నష్టం జరిగింది. అయితే ఆ రుమాలు చీలింది మడతల దగ్గరేనని వారే రాశారు. పాత బట్టను ఎక్కువగా తినేది ఒకే మడతలో ఏళ్ల తరబడి పడి ఉండటమే.

గద్వాల చీర విషయంలో ముందుగా చూడవలసింది కుట్టు. సూదీ దారమూ లేకుండా, చీర ఒంటి నూలు పేకనూ (అడ్డుదారం) అంచు పట్టు పేకనూ మగ్గం మీదనే ఒకదానిలో ఒకటి మెలివేసి కలిపిన గీత అది. చీరను కిటికీ ముందు వెలుతురుకు ఎత్తి, ఆ గీతను రెండు బొటనవేళ్లతో మెల్లగా అటూ ఇటూ లాగి చూడండి. వెలుతురు చుక్కలుగా కనిపించినా, పట్టు పొడిగా రాలినా కట్టవద్దు. నేనైతే ఇక్కడ రాజీ పడను. గీత గట్టిగా ఉంటే, నీళ్లలో ముంచకుండా (నూలు ముడుచుకున్నంతగా పట్టు ముడుచుకోదు, అంచు ముడతలు పడుతుంది) నీడలో ఒక పూట ఆరవేయండి.

ప్రయాణమంతా అదే చీరలో కూర్చోవాలని నేనూ చెప్పను. మామూలు నూలు చీరలో వెళ్లి, దీన్ని పాత పంచెతో కలిపి అట్టగొట్టానికి చుట్టి తీసుకెళ్లి, గుడి దగ్గర బసలో కట్టుకోండి. భుజం మీద పిన్నీసు పెట్టవద్దు, చిరుగు అక్కడే మొదలవుతుంది. కుంకుమ, కొబ్బరినీళ్లు పడకుండా కొంగును దగ్గరగా పట్టుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. అసలు జరీలో పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు, అందుకే పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో తిరిగేవారు వాటిని తూకానికి తీసుకుంటారు. ఎవరూ కట్టి చూడని చీరలు, వాటి విలువ తెలియని పిల్లల చేతుల్లోంచి అలా పోవడం నేను చూశాను. మా నాన్నగారు పాత కొంగులను ఎదురుగా పెట్టుకుని గళ్ల కాగితం మీద బుటాలు దించుకునేవారు. ఎవరో పెళ్లికి కట్టుకొచ్చిన చీరలే ఆయనకు నమూనాలు.

వనపర్తి వదిన:
చీర సరే, దానితోపాటు నాయనమ్మ వెండి దండకడియం వేసుకుని రద్దీ బస్సు ఎక్కవద్దు. మా ఇంటి కడియం అలాగే పోయింది.

నల్లగొండ మాస్టారు:
మడతల మాట ఒప్పుకుంటున్నాను, నా రుమాలు ముక్కను ఈరోజే విప్పి పరిచాను. శ్రీశైలం ఘాట్ దారికి మాత్రం ఆ చీర వద్దన్నదే ఇప్పటికీ నా మాట.

గద్వాల ఆడబిడ్డ:
అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం అమ్మా నేనూ కలిసి చీరను కిటికీ ముందు పట్టి చూశాము. కుట్టు గట్టిగా ఉంది. కొంగు మడతలో ఒకచోట మాత్రం నాయనమ్మ తన చేత్తో వేసుకున్న రఫ్ఫు కనిపించింది, దారం రంగు కొంచెం వేరు. చిరిగాక కూడా ఆవిడ దాన్ని కట్టుకుందన్నమాట. అది చూశాక అమ్మ ఒప్పుకుంది. అలంపురంలో కట్టుకుంటాను, శ్రీశైలానికి పట్టుకెళ్లను.