హైస్కూల్ పిల్లలకు 'చెడు అలవాట్ల' క్లాసు: మీ బడిలో ఏది పనిచేసింది?

బయో మాస్టారు:
అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్ పని, అంటే పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పే పని, నా మీద, మా తెలుగు మేడమ్ మీద పడింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన కార్యక్రమమే. బడికి ఇద్దరు టీచర్లు, 11 అంశాలు, వారానికో పీరియడ్. ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకం బాగానే ఉంది.

మొదటి క్లాసుకి చార్టులు పట్టుకెళ్లాను. నల్లబడ్డ ఊపిరితిత్తి, నోటి క్యాన్సర్ ఫొటో. ముప్పావుగంట చెప్పాను. తొమ్మిదో తరగతి మొత్తం కిక్కురుమనకుండా విన్నది. సాయంత్రం బండి తీద్దామని వెళ్తే, మొదటి బెంచీలో కూర్చుని విన్న ఇద్దరూ సైకిల్ స్టాండ్ వెనక ఒకే సిగరెట్ చెరో దమ్ము లాగుతున్నారు. నన్ను చూసి తొక్కేశారు. ఒకడు మెల్లగా, "ఇదొక్కటే సార్" అన్నాడు. పొద్దున "ఒక్కదానితోనే మొదలవుతుంది" అని బోర్డు మీద రాసింది నేనే!

తిట్టలేదు, ఇంట్లో చెప్పలేదు. ఏం చేయాలో తోచలేదు, అంతే. మీలో ఎవరైనా ఇలాంటివి చేసి ఫలితం చూసుంటే రాయండి. సిగరెట్టే కాదు, బండ్లు, ఫోన్లు, క్వారీ గుంతల్లో ఈతలు, అన్నీ నా ఖాతాలోవే ఇప్పుడు.

ఎడిసన్ నాన్న:
మాస్టారూ, మేముండే అమెరికాలో ఈ పాఠం చాలా ఖర్చు పెట్టి నేర్చుకున్నారు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో డేర్ అని ఒక కార్యక్రమం మొదలైంది. యూనిఫాంలో ఉన్న పోలీసు క్లాసుకొచ్చి డ్రగ్స్ గురించి చెప్పేవాడు. టీ షర్టులు, సర్టిఫికెట్లు, ప్రమాణాలు. దేశమంతా పాకింది. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, ఆ క్లాసు విన్న పిల్లలకీ విననివాళ్లకీ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. చివరికి పాత సిలబస్ పక్కనపెట్టి, నిర్ణయాలు తీసుకోవడం, 'వద్దు' అనడం మీద నడిచే కొత్త పాఠాలు తెచ్చుకున్నారు. భయం సాయంత్రానికి దిగిపోతుంది. స్నేహితుడు మాత్రం మర్నాడూ అక్కడే ఉంటాడు.

రిటైర్డ్ హెచ్ఎం:
క్లాసు సంగతి తర్వాత, ముందు గేటు బయట చూడండి. సర్వీసులో ఉండగా మా బడిలో పసుపు గీత గీయించాను. పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో ఉన్నదే, ప్రహరీ నుంచి 100 గజాలకు గీత. అంత పొడుగు టేపు లేక, కబడ్డీ కోర్టుకు ముగ్గేసే తాడుతో కొలిచాం. పట్టుకున్నది పదో తరగతి పిల్లలు, బకెట్ మోసింది అటెండరు. కొలిచీ కొలిచీ చూస్తే బడ్డీకొట్టు సరిగ్గా 92వ గజం దగ్గర తేలింది. కొట్టాయన గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టుకుని, "ఎనిమిది గజాలు జరిగితే అమ్ముకోవచ్చా సార్?" అని అడిగాడు.

పద్దెనిమిది నిండనివాళ్లకు 101వ గజంలో కూడా అమ్మకూడదయ్యా అని చెప్పాను. 2003 నాటి పొగాకు చట్టంలో జరిమానా 200 రూపాయలే, దానికెవరూ బెదరరు. జువెనైల్ జస్టిస్ చట్టంలో 77వ సెక్షన్ ఉంది. పిల్లలకు మత్తు పదార్థమో పొగాకో ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆ కాగితం చూపించాక, సిగరెట్ పెట్టెలు బిస్కెట్ సీసాల వెనక్కి వెళ్లాయి. మాయం కాలేదండోయ్, వెనక్కి వెళ్లాయి. కానీ విడి సిగరెట్ కోసం పిల్లలు బస్టాండు దాకా పోవాల్సి వచ్చింది. బద్ధకం కూడా ఒక్కోసారి మంచే చేస్తుంది.

హాస్టల్ బ్యాచ్:
నేను టీచర్ని కాను, ఆ సైకిల్ స్టాండ్ వెనక ఉన్న బాపతు. ఇప్పుడు ఇరవయ్యారేళ్లు. మాకూ చార్టులు చూపించారు సార్. మా తాత రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చి ఎనభై దాటాడు, మాకు ఆ చార్టు ఏం లెక్క? నేను మానేసింది వాలీబాల్ టీంలోకి తీసుకున్నప్పుడు. పీఈటీ సార్ ఆరోగ్యం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "ఆయాసం వస్తే బెంచీ మీదే" అన్నాడు. బడి నాలుగున్నరకు వదిలితే ఆరున్నర దాకా మాకు పనేం లేకపోవడమే అసలు సమస్య. ఆ రెండు గంటలు నెట్ కట్టి పెట్టండి, సగం మంది అక్కడే ఉంటారు.

నల్లగొండ అమ్మ:
హాస్టల్ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ఆడపిల్లలకు ఆ నెట్ కూడా ఉండదు. నాలుగున్నరకు ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటారు. మా పాపకు ఇన్‌స్టాలో ఎవడో పరిచయమై ఫోటోలు అడిగిండు. నాకు చెప్పలే. బళ్లో షీ టీమ్ పోలీసులు వచ్చి మాట్లాడిన రోజు కూడా నోరు తెరవలే, అందరి ముందు ఎట్ల లేస్తది? తర్వాత లైబ్రరీలో కూర్చునే మేడమ్‌కు చెప్పింది. ఆ మేడమ్ సబ్జెక్టు చెప్పదు, మార్కులు వెయ్యదు. అందుకే చెప్పిన్నని పాప అన్నది. నేను కన్నతల్లిని, నాకెందుకు చెప్పలేదే అంటే, "నువ్వు ఫోన్ గుంజుకుంటవ్" అన్నది. గుంజుకునేదాన్నే.

జిల్లా కౌన్సెలర్:
అక్కా, మీరు చెప్పిన ఆ లైబ్రరీ మేడమ్ సంగతి బిహార్లో పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. నలంద జిల్లాలో సెహర్ అనే కార్యక్రమం, ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. డెబ్బైకి పైగా ప్రభుత్వ హైస్కూళ్లను చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో ఈ పని కోసమే బయటి నుంచి పెట్టిన మామూలు మనిషి, డాక్టరూ కాదు, సైకాలజిస్టూ కాదు. రెండో దాంట్లో అదే పని అక్కడి టీచరే చేశారు. మూడో గుంపుకు మామూలు పాఠాలే. గోడపత్రిక, పిల్లలు చీటీలు వేసే పెట్టె, నెలకో అంశం మీద చర్చ, ఒంటరిగా వచ్చి మాట్లాడే వీలు. ఎనిమిది నెలలు తిరిగేసరికి బయటి మనిషి ఉన్న బళ్లలో ఏడిపించడం, కొట్లాటలు, దిగులు తగ్గాయి, బడి వాతావరణమే మారింది. టీచర్లు చేసిన బళ్లలో చెప్పుకునేంత మార్పు రాలేదు.

బయో మాస్టారు:
అంటే నేను చేసేది దండగనా మేడమ్? కాస్త మనసు చివుక్కుమంది.

రిటైర్డ్ హెచ్ఎం:
చివుక్కుమనాల్సిందేం లేదు మాస్టారూ. ఉదయం హోంవర్క్ చేయలేదని బెంచీ ఎక్కించి, మధ్యాహ్నం "నీ మనసులో ఏముందో చెప్పరా" అంటే ఎవడు చెబుతాడు? పైగా మధ్యలో భోజనం ఫొటోలు అప్‌లోడు చెయ్యాలి. మీ తప్పు కాదది.

జిల్లా కౌన్సెలర్:
దండగ కాదు సార్. అన్నీ మీరే మోయకండి, అంతే. చీటీల పెట్టె పెట్టండి, మాట్లాడే మనిషి వేరేవాళ్లు ఉండేలా చూడండి. పీహెచ్‌సీ నర్సమ్మ నెలకు రెండుసార్లు వచ్చినా చాలు. ఇంకోటి: పిల్లలకు "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే మనమే నేరస్తులం. "నీకు గానీ ఇంకెవరికైనా గానీ ప్రమాదం ఉంటే తప్ప చెప్పను" అని మొదటి రోజే అనండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పెట్టె మీదే రాయించండి. దిగులు, నిద్రపట్టకపోవడం లాంటి వాటికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

కస్తూర్బా టీచర్:
మా దగ్గర పనికొచ్చింది ఒకటి చెబుతా. 'వద్దు' అనడం నేర్పించాలని పుస్తకంలో ఉంది కదా, నాటకంలా వేయించాం. పుస్తకంలో ఉన్నట్టు "క్షమించు మిత్రమా, నాకు ఇష్టం లేదు" అని ఒక అమ్మాయి అంటే క్లాసంతా పడీ పడీ నవ్వారు. నిజమే, ఎవరంటారు అలా? సరే, మీరైతే ఏమంటారో మీరే రాసుకోండి అన్నాను. "మా అక్క వాసన పట్టేస్తుంది", "నాకు పడదే, వాంతులవుతాయి", "రేపు మ్యాచ్ ఉంది", "ముందు నువ్వు నా రికార్డు ఇచ్చెయ్, తర్వాత చూద్దాం". ఇవన్నీ అబద్ధాలే. కానీ పరువు పోకుండా తప్పించుకునే దారులు. ఆ లిస్టు ఇప్పటికీ మా స్టాఫ్ రూములో ఉంది. పుస్తకం ఎక్కడుందో తెలీదు.

వరంగల్ డాడీ:
సిగరెట్ల గురించే మాట్లాడుతున్నారు, బండ్ల సంగతి? మా కాలనీలో తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురేసి స్కూటీ మీద పోతుంటారు. తాళం ఇచ్చేది మనమే. నేనూ ఇచ్చిన, పాల ప్యాకెట్ కోసం. ఒకరోజు మా స్కూల్ పేరెంట్స్ మీటింగ్‌లో ట్రాఫిక్ ఎస్సై వచ్చి మోటారు వాహనాల చట్టం 2019 సవరణ చదివి వినిపించిండు. మైనర్ నడిపితే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లగాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. జైలు అన్నప్పుడు ఎవరూ కదలలే. లైసెన్స్ రాదు అన్నప్పుడు మాత్రం నా పక్కనున్నాయన గుటకలు మింగిండు. మరి ఇక్కడ భయం పనిచేసింది కదా ఎడిసన్ అన్నా?

ఎడిసన్ నాన్న:
పనిచేసింది మీమీద అన్నా, పిల్లగాడి మీద కాదు :) తాళం చేతిలో ఉన్నవాళ్లను భయపెడితే లాభం ఉంటుంది, ఒప్పుకుంటా.

బయో మాస్టారు:
పది రోజుల తర్వాత మళ్లీ వస్తున్నాను. చార్టులు చుట్టి బీరువా మీద పడేశాం. పాత బిస్కెట్ల డబ్బాకి మూతలో గంటు పెట్టించి, చిన్న తాళం వేశాం. మొదటి శుక్రవారం 31 చీటీలు వచ్చాయి. పందొమ్మిది బూతులు, ఇంగ్లిష్ సార్ పెళ్లి గురించి నాలుగు. మిగిలిన ఎనిమిదింటి కోసం నర్సమ్మ గంటన్నర కూర్చుంది. ఒకటి, రాసిందెవరో తెలీదు గనక ఇక్కడ పెడుతున్నాను: "మా నాన్న గుట్కా నా చేతే తెప్పిస్తారు. నేను తినను. పట్టుబడితే నాకూ శిక్ష ఉంటుందా?"

ఇన్నాళ్లూ నేను తినేవాళ్ల గురించే పాఠం చెప్పాను. తెచ్చేవాళ్ల గురించి ఆలోచించనే లేదు. జవాబు గోడపత్రికలో రాశాం: శిక్ష నీకు కాదు, నీ చేత తెప్పించడమే తప్పు. పేరు లేదు గనక వాళ్ల నాన్నతో మాట్లాడలేం. పేరెంట్స్ మీటింగ్‌లో అందరికీ కలిపి చెబుదామని తెలుగు మేడమ్ అంది.

సైకిల్ స్టాండ్ ఇద్దరిలో ఒకడు వాలీబాల్‌కు వస్తున్నాడు. రెండోవాడు రావట్లేదు. ఇప్పుడు కొత్త తలనొప్పి: డబ్బా తాళం తన దగ్గర ఉండాలంటున్నారు మా హెచ్ఎం గారు.

నల్లగొండ అమ్మ:
ఇయ్యకండి సార్!

రిటైర్డ్ హెచ్ఎం:
హెచ్ఎంగా ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి, నేనే చెబుతున్నా, ఇవ్వకండి. నర్సమ్మకు ఇచ్చేశానని చెప్పండి, నిజంగానే ఇచ్చెయ్యండి.

బయో మాస్టారు:
ఇచ్చేశాను. ఆవిడ బీపీ మిషన్ సంచీలో వేసుకుని వెళ్లిపోయింది.