లైబ్రరీల నిండా గ్రూప్స్ వాళ్ళే, మరి కథలూ నవలలూ చదివేవాళ్ళం ఎక్కడికి పోవాలి?

కృష్ణలంక:
మొన్న మా దగ్గర లైబ్రరీకి వెళ్తే కూర్చోడానికి కుర్చీ లేదండి, అంతా గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్ వాళ్ళే, సొంత పుస్తకాలు, చార్జర్లు తెచ్చుకుని పొద్దున్నే సీట్లు ఆపేసుకుంటున్నారు. సరే నవల ఒకటి ఇంటికి తెచ్చుకుందామంటే అల్మారాకి తాళం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరండీ మా బెజవాడ! బిట్లు బట్టీ కొట్టడం కూడా పుస్తకాలు చదవడం కిందే లెక్కా?

అరండల్‌పేట:
లెక్కే. హాస్టల్లో రూముకి నలుగురు, ఒకడు ఫోన్లో మాట్లాడుతుంటే ఇంకోడు పడుకుంటాడు, వాళ్ళెక్కడ చదవాలి మరి? మా గుంటూరు జిల్లాలోనే పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపారు, పడవెక్కినోళ్ళు ఊసుపోక పేపరే చదివారో, పురాణమే చదివారో ఎవరడిగారు? జనం ఎక్కడుంటే పుస్తకం అక్కడికెళ్ళింది, ఇప్పుడు జనమే వస్తుంటే మీకు కోపం 😀

కృష్ణలంక:
పడవలో వాళ్ళకి పుస్తకం లైబ్రరీ ఇచ్చింది సార్. వీళ్ళకి ఇచ్చేది ఫ్యానూ, కుర్చీ. ఉద్యోగం రాగానే ఆ గైడ్లన్నీ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లకి కట్టలు కట్టలు, మళ్ళీ జన్మలో పుస్తకం ముట్టరు.

ఏలూరురోడ్డు:
మీరిద్దరూ అసలు విషయం వదిలేసి ఆ పిల్లల మీద పడ్డారు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు, పన్ను రసీదు తీసి చూడండి, అద్దెకున్నోళ్ళు ఓనర్ని అడగండి. ఆ డబ్బుతో కొత్త పుస్తకాలు ఏం కొన్నారు, కొన్నవాటికి తాళం ఎందుకు, ఇవి అడగాలి. రోజంతా అక్కడే ఉండే కుర్రాడికి కళ్ళెదురుగా తెరిచిన అల్మారా ఉంటే మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ తిన్నాక ఓ కథైనా తిరగేస్తాడు, నేను అలాగే అలవాటు పడ్డా (గ్రూప్స్ మాత్రం రాలేదు లెండి). వాళ్ళని తరిమేస్తే నవలలు చదివేవాళ్ళు రారు, మనిషే రావట్లేదని అసలు లైబ్రరీయే ఎత్తేస్తారు.

అరండల్‌పేట:
కరెక్ట్. కానీ తాళం తీస్తే పుస్తకాలు పోతాయి, పోతే జీతంలో కోస్తారని లైబ్రేరియన్ భయం, అదీ చూడాలి.

కృష్ణలంక:
సెస్సు సంగతి ఒప్పుకుంటా. బిట్ల సంగతి ఒప్పుకోను. తాళం గురించి అర్జీ ఎవరైనా రాస్తే సంతకం పెడతా, రాయమంటే మాత్రం నా వల్ల కాదు.